నీళ్లు ఎక్కిన గోడలకు పెళ్లిలోపు లప్పం (పుట్టీ) పెట్టించాలా, ఆగాలా?

బొందివాగు పక్కిల్లు:
2023 జులై 27 వానకు వరంగల్ హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగిన సంగతి అందరికీ తెలుసు. మా ఇంట్లో నడుం లోతు నీళ్లు నిలిచాయి. బురద ఎత్తిపోశాం, తడిసిన పరుపులు, బియ్యం బస్తాలు పారేశాం. ఇప్పుడు పంచాయితీ అంతా గోడల మీదే. నిజ శ్రావణంలో, నెలాఖరుకు చెల్లె పెళ్లి. పైపైన గీకి, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ కొట్టి, లప్పం పెట్టి ఎమల్షన్ వేస్తే పది రోజుల్లో ఇల్లు కొత్తగా అయిపోతుందని పెయింటర్ అంటున్నాడు. దసరా దాటేదాకా ముట్టుకోవద్దని ఇల్లు కట్టిన మేస్త్రీ అంటున్నాడు. బాపు పెయింటర్ దిక్కే మొగ్గుతున్నాడు, రేపే అడ్వాన్స్ ఇద్దామంటున్నాడు. ఏం చేయాలి?

సైట్ సూపర్‌వైజర్, కాజీపేట:
తమ్మీ, అడ్వాన్స్ ఆపు. పెయింటర్ చెప్పిన వాటిలో ఆ కోటింగే అన్నిటికన్నా చేటు. నీళ్లు ఇప్పుడు గోడ బయట లేవు, లోపల ఉన్నాయి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ, రెండు దిక్కులా సిమెంటు గిలాబు (ప్లాస్టరింగ్). నీళ్లు నిలిచిన గీత దగ్గర తేమ ఆగదు, ఇటుక పీల్చుకుంటూ పైకి ఎక్కిస్తుంది. అది బయటికి పోవాలంటే గిలాబు మీదుగానే పోవాలి. ఆ దారి మూసేస్తే తేమ ఇటుకలో, సిమెంటులో ఉన్న ఉప్పును వెంటబెట్టుకొచ్చి కోటింగ్ వెనక చేరుతుంది. ఉప్పు పలుకులు కట్టేటప్పుడు లప్పాన్ని బయటికి నెడుతుంది. ముందు శనగగింజంత పొక్కు వస్తుంది, గోరుతో గిల్లితే తెల్లటి పొడి రాలుతుంది. కొన్నాళ్లకు అరచేతి వెడల్పు పెచ్చులు ఊడతాయి. మళ్లీ గీకుడు, మళ్లీ కూలి.

గీతకు రెండడుగుల పైదాకా పాత లప్పం, రంగు మొత్తం గీకించు. తట్టితే డొల్ల చప్పుడు వచ్చిన చోట గిలాబు కూడా కొట్టేయించు. బీరువాలు గోడకు జానెడు ఎడంగా జరపండి, ఫ్యాన్లు ఆపకండి. ముసురు పట్టిన రోజు మాత్రం కిటికీలు మూసెయ్యాలి. బయటి గాలిలోనే అంత తేమ ఉంటే అది లోపలికొచ్చి ఏం ఆరబెడుతుంది? ఎండ కాసినప్పుడు అన్నీ బార్లా తెరవండి.

శివనగర్ అక్క:
అన్నా, మీరు చెప్పింది సైటులో బాగుంటుంది. గీకిన గోడల మధ్య మనుషులు బతకాలి కదా. మా అత్తమ్మకు ఆయాసం. 2020 ఆగస్టు వానలప్పుడు మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. ఆగండి, ఆగండి అంటూనే మంచం వెనక నల్ల బూజు పట్టింది, ఆమెకు రాత్రి నిద్ర లేదు. నెలలోపే లప్పం పెట్టించి రంగు వేయించాం, ఇప్పటికీ ఊడలేదు. పైగా ఆడపిల్ల పెళ్లి. పెళ్లిచూపుల నాడు చూసిన ఇంటికి వియ్యాలవారు మళ్లీ వస్తే గోడలు అట్ల ఉండొద్దు. ఖర్చు రెండుసార్లు అయినా సరే, వేయించండి అంటాను.

సైట్ సూపర్‌వైజర్, కాజీపేట:
అక్కా, మీ గదిది నాలుగున్నర అంగుళాల గోడ అయి ఉంటుంది, రెండు వైపులా గాలి తగిలితే అది తొందరగానే ఆరుతుంది. ప్రహరీ సందులోకి ఉండే తొమ్మిదంగుళాల గోడకు నెలలు పడుతుంది. బూజు సంగతి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, దాన్ని ఒక్క రోజు కూడా ఉంచొద్దు. కానీ రంగు దానికి మందు కాదు, తేమ ఉన్నంత కాలం రంగు మీద కూడా బూజు పడుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని సబ్బునీళ్లతో రుద్ది తీసి, తర్వాత బ్లీచింగ్ నీళ్లతో తుడవాలి. బ్లీచింగులో బాత్రూం యాసిడ్ మాత్రం కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. ఆయాసం ఉన్నవాళ్లు ఆ గదిలోనే ఉండొద్దు.

ఆరిందో లేదో ఎవరి మాటా నమ్మనక్కర్లేదు. అడుగు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపు వేసి గోడకు అంటించి మర్నాడు చూడండి. లోపల నీటి చెమ్మ కనబడితే లప్పం వద్దు.

పెళ్లి కోసం నా సలహా సున్నం. గీకిన గిలాబు మీద తడి సున్నం రెండు చేతులు వేయించండి. సున్నం గోడ ఊపిరి ఆపదు, తేమ దాని గుండా పోతూనే ఉంటుంది. కింద మూడడుగుల పట్టెకు జాజు (ఎర్రమట్టి రంగు) పూయండి. మన పెళ్లిళ్లకు ఇల్లంతా సున్నం, జాజు వేసే అలవాటు ఉన్నదే, వియ్యాలవారు ఎందుకు వంక పెడతారు? నాకైతే ఎమల్షన్ కన్నా అదే కళగా ఉంటుంది. దసరా దాటాక చలికాలం పొడిగాలికి గోడ ఆరితే, పాలిథిన్ ముక్క పొడిగా ఉన్న రోజు సున్నం గీకి లప్పం పెట్టుకోండి.

శివనగర్ అక్క:
మా మామగారు సున్నం వేయిస్తే వారానికే పొరలు పొరలుగా లేచింది. బట్టలకు అంటుకున్నది కూడా.

సైట్ సూపర్‌వైజర్, కాజీపేట:
పాత ఎమల్షన్ మీద వేసి ఉంటారు, దాని మీద సున్నం పట్టదు. గిలాబు కనబడేదాకా గీకాలి అన్నది అందుకే. బట్టలకు అంటకుండా సున్నంలో కాస్త బంక కలిపించండి.

బొందివాగు పక్కిల్లు:
బాపుకు జాజు మాట చెప్పగానే మెత్తబడ్డాడు. ముందు గది బయటి గోడ మీద పాలిథిన్ అంటించాను, తెల్లారేసరికి లోపలంతా నీటి బొట్లే. పెయింటర్‌కు అదే చూపించాను. పై భాగానికి మాత్రం ఎమల్షన్ వేస్తానన్నాడు, కింద సున్నం వేసే మనిషిని వెతుకుతున్నాం.

ఎలక్ట్రీషియన్, హనుమకొండ:
రంగు గొడవలో కరెంటు మరిచారు. గోడలోపలి పైపుల్లో నీళ్లు ఇంకా ఉంటాయి. మెయిన్ ఆపి, నీళ్లలో మునిగిన స్విచ్ బోర్డులన్నీ విప్పి తెరిచి ఉంచండి, మునిగిన స్విచ్‌లు, సాకెట్లు మార్చండి. మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టి వైరింగ్ చెక్ చేయించాకే ఆ లైన్లు, వాటి మీది ఫ్యాన్లు వేయాలి. పెళ్లికి సీరియల్ సెట్ బల్బులు కింది సాకెట్ల నుంచి లాగొద్దు, పై అంతస్తు లైన్ నుంచి తీసుకోండి.