బోటులోకి చేతి జీపీఎస్: ఈసారి ఏది కొనాలి?

బందరువానిపేట కుర్రాడు
అందరికీ నమస్తే. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది, 15న మా చిన్నాన్న ఫైబర్ బోటు దింపాలి. పాత జీపీఎస్ ఉప్పునీళ్ళు తాగి చచ్చింది. 20 వేల లోపు ఏది మంచిది? బటన్లదా, టచ్‌దా? ఫోనుతో సరిపెట్టుకోవచ్చా? దుబాయ్‌లో ఉన్న మా బావ ఉపగ్రహం ద్వారా మెసేజ్ కూడా పంపే పరికరం తెస్తానంటున్నాడు, తెమ్మనమంటారా? పాతదాంట్లోని పాయింట్లు, అదే మేం గుర్తుపెట్టుకున్న చోట్ల అంకెలు, చిన్నాన్న నోటుబుక్కులో రాసుకున్నాడు కాబట్టి బతికిపోయాం. కళింగపట్నానికి తూర్పున రాళ్ళ పాయింట్ 18.20.30 అని ఉంది. అదలాగే కొట్టేస్తే సరిపోతుందా?

భావనపాడు 77
టచ్ జోలికి పోవద్దు తమ్ముడూ. చేప జిగురుతో ఉన్న చేతికి అది పలకదు, నీటిచుక్క పడితే దానంతటదే మెనూలు తెరుస్తుంది. నాది బటన్లదే, రెండు పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది, ఆరేళ్ళ నుంచి వాడుతున్నా.

డబ్బా మీద ఐపీఎక్స్7 అని చూసి మురిసిపోకు. మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచి చేసే పరీక్ష అది. మనం రోజంతా ఉప్పు తుంపరలో ఉంచుతాం. సెల్లుల మూత కింది రబ్బరు చూసుకో, ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడుగు. నేను కడక్క మొదటిది పోగొట్టుకున్నా. విశాఖలో ఒక షాపులో బాగుచేయమని ఇస్తే మూడు నెలలు తిప్పి, బోర్డు పోయిందని చేతిలో పెట్టారు. చూస్తే లోపలున్న మెమరీ కార్డు లేదు! అడిగితే "మీరే కార్డు లేకుండా ఇచ్చారు" అంటాడు. ఆ కార్డులో మా నాన్న పెట్టిన పాయింట్లు ఉన్నాయి.

చింతపల్లి తమ్ముడు
2026లో కూడా సెల్లుల జీపీఎస్ ఏమిటన్నా? ఫోను చాలు. జీపీఎస్‌కి నెట్‌వర్క్ అక్కర్లేదు, మ్యాపు ముందే దించుకుంటే చాలు. ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని రెండేళ్ళుగా తిరుగుతున్నా.

భావనపాడు 77
ఆ సంచిలో ఎండకి ఫోను కాగి ఆగిపోలేదా ఒక్కసారి కూడా?

చింతపల్లి తమ్ముడు
ఒకసారి ఆగింది. నీడలో పెడితే వచ్చేసింది.

పాత సరంగు
ఫోన్ల గొడవ తర్వాత చూసుకోండి. బాబూ, ముందు ఆ 18.20.30 ఏమిటో తేల్చుకో. అది తప్పు కొట్టావంటే 20 వేలదైనా 2 లక్షలదైనా ఒకటే.

లెక్కల మాస్టారు, విజయనగరం
తేల్చడానికి ఏముంది? 18 డిగ్రీల 20 నిమిషాల 30 సెకన్లు. మధ్యలో రెండు చుక్కలున్నాయి కదా. ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు.

పాత సరంగు
మాస్టారూ, ఎనిమిదో తరగతి పిల్లాడు బోటు నడపడు. మా రేవుల్లో సెకన్లు రాసేవాడిని నేను చూడలేదు. పెట్టె తెరవగానే వచ్చే పద్ధతే డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో దశాంశాలు. అంటే 18 డిగ్రీల 20.30 నిమిషాలు.

లెక్కల మాస్టారు, విజయనగరం
సరే, మీరన్నట్టే అనుకుందాం. 30 సెకన్లంటే అర నిమిషం, 20.5. మీది 20.3. తేడా 0.2 నిమిషం. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు. అంటే తేడా 370 మీటర్లు. అంత పెద్ద సముద్రంలో 370 మీటర్లకి ఇంత రాద్ధాంతమా?

పాత సరంగు
రాద్ధాంతమా! ఆ రాళ్ళ మీద వల పడితే ముక్కలే పైకొస్తాయి. వల ఖరీదెంతో, దాన్ని కుట్టడానికి ఎన్ని రోజులు పడుతుందో తెలుసా మీకు? వంజరం ఆ రాళ్ళ పక్కనే ఉంటుంది, వల పక్కన వేయాలి, మీద వేయకూడదు. ఇటు 370 మీటర్లు జరిగితే చేప లేదు, అటు జరిగితే వల లేదు.

లెక్కల మాస్టారు, విజయనగరం
నేను కొలత గురించి మాట్లాడుతుంటే మీరు వలల గురించి మాట్లాడతారేం?

రాజాం పైలట్
ఈ విషయంలో నా మాట వినండి. నాకు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది, ఫ్లోరిడాలో తీసుకున్నా. అక్కడ కనీసం 40 గంటలు ఎగరాలి, నాకు 62 పట్టింది. సరంగు గారు చెప్పిందే కరెక్ట్, విమానాల జీపీఎస్‌లోనూ మామూలుగా నిమిషాల దశాంశాలే. మేం గార్మిన్ కంపెనీ ఏరా 660 అనే చేతి జీపీఎస్ వాడేవాళ్ళం. దాంట్లో రన్‌వేలు, గగనతల హద్దులు, టవర్లు అన్నీ ఉంటాయి, ప్రతి 28 రోజులకీ డేటా మార్చుకోవాలి. అంత ఖరీదైనదైనా చేతి జీపీఎస్‌ని నమ్ముకుని మేఘాల్లోకి వెళ్ళకూడదు. దానికి విమానంలో బిగించిన, ఆమోదం ఉన్న పరికరం ఉండాలి. చేతిది తోడుకి మాత్రమే. మరో మాట: ఐప్యాడ్ 35 డిగ్రీల వేడి దాటితే కంపెనీయే గ్యారంటీ ఇవ్వదు. అద్దం కింద ఎండలో పెడితే నాకు రెండుసార్లు ఆరిపోయింది, రెండోసారి సరిగ్గా దిగేముందు. ఏరా బతికించింది.

భావనపాడు 77
ఫ్లోరిడా గురించి ఎవరడిగారు సార్?

రాజాం పైలట్
అనుభవం ఉన్నవాడు చెబితే విననప్పుడు చర్చ ఎందుకు పెట్టారు? అయినా ఇంకోటి చెబుతా. మీరు బోటు ఆపి నిలబడితే మామూలు జీపీఎస్‌కి దిక్కు తెలియదు. కదులుతుంటేనే ఎటు వెళ్తున్నామో లెక్కగట్టగలదు. ఆగినప్పుడు కూడా దిక్కు చూపాలంటే లోపల విడిగా కంపాస్ ఉన్న మోడల్ కొనాలి. గార్మిన్‌లో 78కి ఉండదు, 78ఎస్‌కి ఉంటుంది.

పాత సరంగు
ఈ మాట నిజం. ఇంజను ఆపి వల లాగుతుంటే బాణం గిరగిరా తిరుగుతుంది. కొత్త కుర్రాళ్ళు దాన్ని నమ్మి తిన్నగా ఒరిస్సా వైపు పోతారు.

మా రోజుల్లో శాలిహుండం కొండ, కళింగపట్నం లైటుహౌసు ఒకదాని వెనక ఒకటి పడితే ఆ గీతలో ఉన్నామని తెలిసేది. రెండో గీతకి ఇంకో గుర్తు. రెండూ కలిసిన చోట రాళ్ళు. మంచు పడితే మాత్రం ఏ కొండా ఉండదు, ఒడ్డున కొట్టే డప్పు విని వచ్చేవాళ్ళం.

వెరావల్ వలస
మీకు ఒడ్డు కనపడుతుంది కాబట్టి ఈ ముచ్చట్లు. మేం గుజరాత్‌లో వేటకెళ్తాం. 2018 నవంబరులో అక్కడి నుంచి వెళ్ళి పాకిస్తాన్‌కి పట్టుబడ్డవాళ్ళలో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళున్నారు. 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. అన్ని నెలలు ఇక్కడ వాళ్ళ ఇళ్ళు ఎలా గడిచాయో కళ్ళారా చూశాను. నీళ్ళ మీద గీత కనపడదు. జీపీఎస్‌లో "ప్రాక్సిమిటీ అలారం", అంటే దగ్గరికొస్తే కూసేది, పెడితే చాలనుకుంటారు. అది ఒక పాయింట్ చుట్టూ గుండ్రంగా ఉంటుంది, గీతలా ఉండదు. ఒక్క వృత్తం పెట్టి ధైర్యంగా ఉంటే రెండు కిలోమీటర్లు పక్కనుంచి దాటిపోతారు, అది కూయదు. వరసగా, ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పెట్టుకోవాలి.

చింతపల్లి తమ్ముడు
మాకు పాకిస్తాన్ అంత దూరం లేదులే అన్నా. మాకు పక్క ఊరి బోట్లే పాకిస్తాన్. భావనపాడు అన్నా, పాయింట్లు పోయాయని ఏడుస్తున్నావు, మీ వాళ్ళు మా వాళ్ళవి ఎన్ని కొట్టేశారో చెప్పనా?

భావనపాడు 77
ఏం కొట్టేశాం?

చింతపల్లి తమ్ముడు
మా మామ జీపీఎస్‌ని ఒక రాత్రికి అడిగి తీసుకున్నారు. కేబుల్ పెట్టి 112 పాయింట్లూ ఎక్కించుకున్నారు. వారం తిరక్కుండా మా రాళ్ళ దగ్గర మీ బోట్లు నాలుగు.

భావనపాడు 77
మీ రాళ్ళేమిటి, పట్టా ఉందా? దేవుడు పెట్టిన రాళ్ళవి. మాట జాగ్రత్త.

చింతపల్లి తమ్ముడు
(ఈ పోస్టు తొలగించబడింది)

మోడరేటర్
ఇళ్ళలోవాళ్ళని లాగొద్దు. ఇంకోసారైతే ఇద్దరికీ వారం సెలవు.

మహేంద్రగిరి
కుర్రాడి బావ తెచ్చే పరికరం సంగతి అందరూ వదిలేశారు. మీ బావని తేవద్దనండి. సిగ్నల్ అందుకునే జీపీఎస్‌తో గొడవ లేదు. కానీ ఉపగ్రహానికి సిగ్నల్ పంపే ఫోన్లు, మెసెంజర్లు టెలికం శాఖ అనుమతి లేకుండా ఉంచుకుంటే కేసు. తెలియక బ్యాగులో తెచ్చి మన ఎయిర్‌పోర్టుల్లో అరెస్టయిన విదేశీయులు ఉన్నారు. దానికి బదులు బోట్లకి ప్రభుత్వం ఉచితంగా పెట్టే ట్రాన్స్‌పాండర్ (బోటు ఎక్కడుందో ఒడ్డుకి తెలిపే పెట్టె) కోసం మత్స్యశాఖలో అడగండి, దాంట్లో ఆపద బటన్ ఉంటుంది. తుఫాను హెచ్చరికలు, చేపలుండే చోట్ల సమాచారం అందుకోవడానికి 2019లో జెమిని అని ఒకటి వచ్చింది, ఫోనుకి కలుపుకోవాలి, అది వినడమే గానీ మాట్లాడదు. తిత్లీ తుఫాను వచ్చింది 2018లో, ఒక్క ఏడాది ముందొచ్చి ఉంటే బాగుండేది.

లెక్కల మాస్టారు, విజయనగరం
మళ్ళీ అసలు విషయానికి వస్తున్నా. నోటుబుక్కులో ఏ పాయింట్‌కైనా చివరి రెండంకెలు 60 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉన్నాయా? సెకన్లు 59 దాటవు. దాటిందంటే నేను ఓడిపోయినట్టు.

బందరువానిపేట కుర్రాడు
చూశాను మాస్టారూ. అదే రాళ్ళ పాయింట్‌కి రెండో అంకె, అంటే రేఖాంశం, 84.13.78. ఇంకోటి 84.15.91.

పాత సరంగు
😀

లెక్కల మాస్టారు, విజయనగరం
ఒప్పుకున్నాను. కానీ పరీక్ష చెప్పింది నేనే, అది గుర్తుంచుకోండి.

బందరువానిపేట కుర్రాడు
కానీ చివరి పేజీలో ఒకటి 18.3412 అని ఉంది. చిన్నాన్న అది ఫోన్లో చూసి రాశాడట.

లెక్కల మాస్టారు, విజయనగరం
ఆహా! అది డిగ్రీల దశాంశం. .3412ని 60తో గుణించండి, 20.472 నిమిషాలు. దాన్ని 34.12 నిమిషాలు అనుకుని కొట్టారంటే 25 కిలోమీటర్లు ఉత్తరాన తేలతారు. ఇక్కడ 370 మీటర్లు కాదు సరంగు గారూ!

పాత సరంగు
సరే మాస్టారూ, ఆ ఒక్కటీ మీదే.

బాబూ, కంపాస్ ఉన్న బటన్ల మోడలే కొను. చార్జింగ్ సెల్లులు వేస్తే మెనూలో ఆ రకమే పెట్టు, లేకపోతే బ్యాటరీ గుర్తు అబద్ధం చెబుతుంది. డేటమ్, అంటే అంకెలు లెక్కగట్టే భూమి కొలత, డబ్ల్యూజీఎస్ 84 మీదే ఉంచు. 2019 ఏప్రిల్‌లో జీపీఎస్ వారాల లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలైంది, కాబట్టి సెకండ్‌హ్యాండ్‌ది దొరికిందని పాతది కొంటే తేదీ సరిగ్గా చూపిస్తోందో లేదో చూడు. తప్పుంటే చోటు బాగానే చూపిస్తుంది గానీ పోటు, పాటు వేళలన్నీ అడ్డదిడ్డం. వంశధార మొగ దగ్గర మాత్రం పోయిన నెల ట్రాక్ (జీపీఎస్‌లో పడిన దారి గీత) పట్టుకుని లోపలికి రావద్దు, ఇసుక మేట చోటు మార్చేసి ఉంటుంది. అక్కడ కళ్ళే.

ఆదివారం పొద్దున్న లైటుహౌసు దగ్గరికి నోటుబుక్కు, పరికరం పట్టుకురా, నేనే ఎక్కిస్తాను. మాస్టారూ, మీరూ రండి, గుణకారాలు చేద్దురు గాని.

చింతపల్లి తమ్ముడు
సరంగు మామా, మీ పాయింట్లు కూడా రెండు ఇస్తావా?

పాత సరంగు
నువ్వు రావద్దు.