12 లక్షలు ఉన్నాయి: ఫామ్ ప్లాటా, ప్రీలాంచ్ ఫ్లాటా, ఏదీ వద్దా?

కొత్తపేట కుర్రాడు:
అందరికీ నమస్తే. వయసు 31, ప్రైవేటు ఉద్యోగం, హైదరాబాద్‌లో అద్దె ఇల్లు, చేతిలో 12 లక్షలు. బ్యాంకులో పెట్టి ఏం లాభం, భూమి కొను అని నాన్న రోజూ పోరు. ఆఫీసులో ఒకాయన సైడ్‌గా ప్లాట్లు అమ్ముతాడు, మొన్న ఆదివారం కారు పెట్టి మరీ షాద్‌నగర్ దాటాక ఒక వెంచర్ చూపించాడు. 5 గుంటల ఫామ్ ప్లాట్ 11 లక్షలట, చుట్టూ ఫెన్సింగ్, ఎర్రచందనం మొక్కలు, మధ్యాహ్నం బిర్యానీ కూడా పెట్టారు. మూడేళ్లలో డబుల్ కాకపోతే మేమే తిరిగి కొంటాం అంటున్నారు. ఇంకో ఫ్రెండేమో కొల్లూరు వైపు ప్రీలాంచ్ ఫ్లాట్ (ప్రాజెక్టు అధికారికంగా మొదలుకాకముందే అమ్మేది) అంటున్నాడు, డబ్బు మొత్తం ఒకేసారి కడితే దాదాపు సగం రేటుకే ఇస్తారట, మిగతాది పర్సనల్ లోన్ తీసుకోమని సలహా. ఈ వారంలో టోకెన్ అడ్వాన్స్ ఇవ్వాలి. ఏది మేలు?

కాగితం చూశాకే:
ముందు ఆ టోకెన్ ఆపు తమ్ముడూ.

ఫామ్ ప్లాట్ అని పేరే గానీ అది వ్యవసాయ భూమే. 5 గుంటలంటే 605 గజాలు, వినడానికి బాగుంటుంది, కానీ అప్రూవ్డ్ లేఅవుట్ కాదు కాబట్టి ఇంటికి పర్మిషన్ రాదు, బ్యాంకు ప్లాట్ లోన్ ఇవ్వదు. రేపు నువ్వు అమ్మబోతే కొనేవాడికీ లోన్ రాదు, అంటే మొత్తం డబ్బు చేతిలో ఉన్నవాడే దొరకాలి. లోపలి రోడ్డు ఎవరి పేరు మీద ఉందో అడిగి చూడు, ఆయన వెంటనే క్లబ్ హౌస్ గురించి మాట్లాడతాడు. తిరిగి కొంటామన్న మాట కాగితం మీద రాసిచ్చినా, మూడేళ్ల తర్వాత ఆ ఆఫీసు అక్కడే ఉండాలి కదా.

ప్రీలాంచ్ అయితే ఇంకా సూటిగా చెప్తా. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, 8 కంటే ఎక్కువ ఫ్లాట్లున్నా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు, కనీసం ప్రకటన కూడా ఇవ్వకూడదు. 2016 నాటి చట్టం ఇది. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం మించి తీసుకోవడానికీ లేదు. నిన్ను మొత్తం కట్టమంటున్నారు! "రెరాకి అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటే, వచ్చాకే వస్తామని చెప్పు.

ఘట్‌కేసర్ గజాలు:
పైన అన్న చెప్పింది కరెక్టే, కానీ ప్లాట్లన్నీ మోసం అనుకోవద్దు. హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) లేదా డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) అప్రూవల్, రెరా నంబర్ రెండూ ఉన్న ఓపెన్ ప్లాట్ అయితే చూడొచ్చు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే సర్టిఫికెట్) కనీసం 30 ఏళ్లకి తీయించు, లింక్ డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు) వరసగా పేర్చి ఒక లాయరుకి చూపించు. సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీరు చేరే హద్దు), దాని చుట్టూ వదలాల్సిన బఫర్ లోపలికి వస్తోందా చూడు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఎన్ని ఇళ్లు పడగొట్టారో అందరం చూశాం.

ఎక్కువమంది పట్టించుకోనిది ఇంకోటి ఉంది. లేఅవుట్‌కి ముందు డ్రాఫ్ట్ అప్రూవల్ ఇస్తారు. రోడ్లు, డ్రైనేజీ పూర్తయ్యే దాకా కొన్ని ప్లాట్లు హెచ్ఎండీఏకి మార్ట్‌గేజ్‌లో (తాకట్టులో) ఉంటాయి, అవి విడుదలయ్యే దాకా అమ్మడానికి వీల్లేదు. మా చిన్నాన్నకి ఒక వెంచర్‌లో ఈశాన్యం కార్నర్ ప్లాట్ అని మురిపించి అడ్వాన్స్ తీసుకున్నారు, రిజిస్ట్రేషన్ మాత్రం వచ్చే నెల, వచ్చే నెల అంటూ జరిపారు. చివరికి మ్యాప్ తెచ్చి చూస్తే ఆ నంబర్ మార్ట్‌గేజ్‌లో ఉంది. కాబట్టి బ్రోచర్ కాదు, స్టాంపు వేసిన లేఅవుట్ కాపీ అడుగు.

అద్దె లెక్కలు:
నేను ఇద్దరితోనూ పూర్తిగా ఏకీభవించను. 12 లక్షలుంటే 12 లక్షల ప్లాట్ కొనకూడదు. తెలంగాణలో రిజిస్ట్రేషన్‌కే మొత్తం 7.5 శాతం పోతుంది, 11 లక్షల మీద 82,500. తర్వాత అమ్మాలంటే బ్రోకర్ కమిషన్, లాభం మీద పన్ను. పైగా ఇంట్లో ఎవరికైనా ఆస్పత్రి ఖర్చు వస్తే గజం గజం కోసి అమ్ముకోలేం. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టాక ఎంత మిగిలిందో చెప్పు, అప్పుడు మాట్లాడుకుందాం.

ఫ్లాట్ కొని అద్దెతో ఈఎంఐ కట్టేస్తా అనేవాళ్ల మాట కూడా నమ్మకు. 60 లక్షల ఫ్లాట్‌కి నెలకి 15, 16 వేలు వస్తే గొప్ప, అంటే ఏడాదికి 3 శాతం, లోన్ వడ్డీ దానికి రెండింతలకు పైనే. పర్సనల్ లోన్ తీసి ప్రీలాంచ్‌లో పెట్టమన్న ఫ్రెండ్ ఎవరో గానీ, ఆయన కమిషన్ ఎంతో కనుక్కో.

కొత్తపేట కుర్రాడు:
థాంక్స్ అందరికీ. టోకెన్ ఆపేశా, ఆఫీసాయన ముఖం మాడ్చుకున్నాడు. ఇంకో డౌట్. ఘట్‌కేసర్ దగ్గర అప్రూవ్డ్ రీసేల్ ప్లాట్ ఒకటి ఉంది, ఓనర్ 18 లక్షలు అడుగుతూ ప్రభుత్వ విలువకే రిజిస్టర్ చేసి మిగతాది క్యాష్ ఇవ్వమంటున్నాడు. అందరూ ఇలాగే చేస్తారట, నిజమేనా?

కాగితం చూశాకే:
చాలామంది చేస్తారు, నువ్వు చేయకు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా అమ్మినవాడికి పెనాల్టీ పడొచ్చు. ఆయన సంగతి సరే, నీ నష్టం చూసుకో. లోన్‌కి బ్యాంకు చూసేది కాగితం మీది విలువ, రేపు నువ్వు అమ్మితే పన్ను లెక్కలో కొన్న ధర కూడా అదే, క్యాష్ ఇచ్చినదంతా లాభంలా కనిపిస్తుంది. మొత్తం చెక్కు మీదే, 16కి ఇస్తారా అని అడుగు. ఈలోపు ఆ డాక్యుమెంట్ నంబర్‌తో ఈసీ తీయి.