నాన్నగారి పోస్టింగ్ విదేశంలో: నేను లోకలా, నాన్‌లోకలా?

నాన్నగారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. మస్కట్‌లో భారత రాయబార కార్యాలయానికి బదిలీ అయ్యారు. దాంతో నేను 6వ తరగతి వరకు గుంటూరులో, 7 నుంచి 10 దాకా మస్కట్‌లో (సీబీఎస్‌ఈ) చదివాను. ఇంటర్, డిగ్రీ మళ్లీ గుంటూరే. ఇప్పుడు గ్రూప్-2 దరఖాస్తులో 4 నుంచి 10 వరకు స్టడీ వివరాల దగ్గరే ఆగిపోయాను.

ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికులకు (లోకల్) రిజర్వేషన్ కోసం రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు చూశాను. లోకల్ కావాలంటే ఆ ప్రాంతంలోనే పదో తరగతితో ముగిసే వరుస 4 ఏళ్ల చదువు కావాలి; ఆ ఏళ్లలో ఏ బడిలోనూ చదవకపోతే అక్కడే 4 ఏళ్ల నివాసం ఉండాలి. నాకు రెండూ లేవు. వరుసగా 7 ఏళ్ల చదువు నిబంధన కూడా వర్తించదు. రెవెన్యూ ఆఫీసులో అడిగితే ఇప్పటి నివాసానికే సర్టిఫికెట్ ఇస్తామన్నారు, అది ఇక్కడ దేనికీ పనికిరాదు. హెల్ప్‌డెస్క్‌కి మెయిల్ పెడితే నోటిఫికేషన్ చదువుకోమని జవాబు! పుట్టి పెరిగిన ఊళ్లో నాన్‌లోకల్ అంటే టెన్షన్‌గా ఉంది.

విదేశంలో పనిచేసిన కేంద్ర ఉద్యోగుల పిల్లల్లో ఎవరికైనా లోకల్ హోదా దక్కిందా, దక్కితే ఏ జీవో ఆధారంగా?