తిరుపతిలో ఉండి ఒక్కడినే గేమ్ చేయాలనుకుంటున్నా, ఎక్కడ పట్టుకోవాలి?

తాతయ్యగుంట కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది బైరాగిపట్టెడ. వయసు 24. రేణిగుంట పక్కన ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. రెండేళ్ళుగా ఒకటే ఆలోచన, మన గంగమ్మ జాతర మీద వీడియో గేమ్ చేయాల. ఊరి ఆడోళ్ళను వేధించే పాలెగాడు, అంటే ఆ ఊరి దొర, భయపడి దాక్కుంటాడు, గంగమ్మ తల్లి రోజుకొక వేషం కట్టి ఊరంతా గాలిస్తుంది. చిన్నప్పుడు మా అవ్వ ఈ కథ చెప్తుంటే తర్వాతి వేషం ఏందా అని నిద్ర పట్టేది కాదు. ఆ ఆత్రం ఆడేవాళ్ళకు కలగాల.

నా దగ్గర ఉండేది 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్, గ్రాఫిక్స్ కార్డు లేదు. దాచుకున్నది 1,10,000 రూపాయలు. కాలేజీలో సీ, కొంచెం పైథాన్ నేర్చుకున్నా. బొమ్మలు గీయడం అంతంత మాత్రం. గాంధీ రోడ్డు నుంచి అలిపిరి దాకా ఊరంతా త్రీడీలో కట్టాలని ఆరు నెలల కింద మొదలుపెట్టినా. ఇప్పటికి గోవిందరాజస్వామి గుడి గాలిగోపురం సగం అయింది.

ఉద్యోగం మానేసి ఒక ఏడాది కూర్చుంటే గేమ్ పూర్తవుతుందా? గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, అదే ఇంజిన్, ఏది మంచిది? తెలుగు అక్షరాలు సరిగ్గా పడతాయా? అమ్మితే డబ్బు మన బ్యాంకులోకి ఎట్లా వస్తుంది? ఇంకొకటి. మా అమ్మకు గేమ్ అంటే రమ్మీ, బెట్టింగే. మా వీధిలో ఒకాయన వాటిలో ఇల్లు పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచి నేను లాప్‌టాప్ తెరిస్తే ఆమె మాట్లాడకుండా వంటింట్లోకి పోతుంది. ఆమెకు ఎట్లా చెప్పాల?

గ్రీమ్స్‌పేట అక్క:

తమ్ముడూ, చిత్తూరు నుంచి రాస్తున్నా. పాపను బడికి పంపినాక తొమ్మిదిన్నర నుంచి మూడు దాకా నాకు గేమ్ పనే, ఆరేళ్ళుగా. రెండు గేములు పూర్తి చేసి అమ్మకానికి పెట్టినా. నీ కథ చదివి పొద్దున్నుంచి దాన్నే తలుచుకుంటున్నా.

ముందుగా, ఉద్యోగం మానొద్దు. స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేమ్ పేరు వినుంటావు, 2016లో వచ్చింది. బొమ్మలు, సంగీతం, కోడు అన్నీ ఎరిక్ బరోన్ ఒక్కడే చేసినాడు. నాలుగేళ్ళ పైన పట్టింది. ఆ కాలంలో ఆయన ఒక థియేటర్‌లో పార్ట్ టైమ్ పని చేసినాడు, కలిసి ఉండే స్నేహితురాలి సంపాదన కూడా ఉండింది. నీ లక్షా పదివేలు తిరుపతిలో ఏడాది సరిపోవచ్చు. అయితే తొమ్మిదో నెలలో డబ్బు తరుగుతుంటే నిద్ర పట్టదు, ఆ భయంలో కథను ఎక్కడపడితే అక్కడ నరికేస్తావు. షిఫ్టు నుంచి వచ్చి రోజుకు గంటన్నర కూర్చో, చాలు.

రెండోది, ఆ గాలిగోపురం. ఆరు నెలల కష్టాన్ని వదిలేయమంటే కడుపు మండుతుంది, నాకు తెలుసు. అయినా వదిలేయ్. మీ అవ్వ కథ చెప్పినప్పుడు నీకు గోపురం కనపడిందా, వేషం కనపడిందా? బైరాగి వేషానికి ఒళ్ళంతా నామకొమ్ము, అంటే తెలుపు. బండ వేషానికి కుంకుమ, ఎరుపు. తోటి వేషానికి బొగ్గు, నలుపు. మూడు రోజులు, మూడు రంగులు. బొమ్మలు రావని బాధపడుతున్నావు కదా, ఈ మూడు రంగుల నీడబొమ్మలతోనే గేమ్ నడిపించొచ్చు. వీధి మట్టిరంగు, ఇళ్ళు ముదురు గోధుమరంగు, మనిషి ఒక్క ముద్ద రంగు. చూసేవాడికి అమ్మ ఎక్కడుందో రెప్పపాటులో తెలిసిపోతుంది. అంత సులువుగా బొమ్మల లెక్క తేలే కథ నాకు దొరికుంటే ఎగిరి గంతేసేదాన్ని.

టూడీలో ఒక్క వీధి, ఒక్క బైరాగి వేషం తీసుకో. నెలలో ఆడదగ్గట్టు చెయ్. అది బాగుంటేనే రెండో రోజుకు పో.

ఇంజిన్ గొడో తీసుకో. ఉచితం, ఎంఐటీ లైసెన్సు, నువ్వు కోటి సంపాదించినా వాళ్ళకు రూపాయి ఇచ్చే పని లేదు. ప్రాజెక్టు తెరిచేటప్పుడు బొమ్మలను తెర మీద గీసే పద్ధతి, అదే రెండరర్, 'కంపాటిబిలిటీ' ఎంచుకుంటే నీ లాప్‌టాప్ మీద టూడీకి ఇబ్బంది ఉండదు. దాని భాష జీడీస్క్రిప్ట్ పైథాన్ లాగానే ఉంటుంది, వారంలో చెయ్యి తిరుగుతుంది.

తెలుగు గురించి అడిగినావు, అది నా పాత గాయం. మొదటి గేమ్‌కు నేను వాడిన ఇంజిన్‌లో 'గంగమ్మ' అని రాస్తే రెండో మ వత్తుగా కిందికి దిగేది కాదు. పొల్లు మకారం, పక్కన మామూలు మకారం, రెండూ విడివిడిగా నిలబడేవి. చివరికి ప్రతి వాక్యాన్నీ బొమ్మగా మార్చి అతికించినా. ఒక్క అక్షరదోషం దిద్దాలంటే మళ్ళీ బొమ్మ చేయాల్సిందే. గొడో 4 నుంచి వత్తులు, గుణింతాలు సరిగ్గా కూడే ఏర్పాటు ఇంజిన్ లోపలే ఉంది. మండలి, రామభద్ర ఫాంట్లు ఓపెన్ లైసెన్సులో ఉచితంగా దొరుకుతాయి. మాటలకు మండలి, పేర్లకు రామభద్ర పెట్టి చూడు. చిన్న సైజులో వత్తు మూసుకుపోతుంది, అందుకని అక్షరం కొంచెం పెద్దగానే ఉంచు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది చెప్తా. నా మొదటి గేమ్ మామిడి మండీ మీద. బెల్టు మీద తోతాపురి కాయలు వస్తుంటాయి, కుళ్ళినవి ఏరి పారేయాల, మిగిలినవి గుజ్జు ఫ్యాక్టరీ లారీకి ఎక్కించాల. పద్నాలుగు నెలలు ఎవ్వరికీ చూపించలేదు. పూర్తయినాకే చూపించాలని పట్టుదల. విడుదలకు ముందురోజు మా ఆడబిడ్డ కొడుకు వచ్చినాడు, తొమ్మిదేళ్ళ పిల్లోడు. ఫోన్ ఇచ్చి తిన్నె మీద పక్కన కూర్చున్నా. కుళ్ళిన కాయ పారేసే బటన్ తెర కింద కుడిమూలన పెట్టినా. వాడు ఫోన్ పట్టుకోగానే కుడిచేతి బొటనవేలి మొదలు సరిగ్గా ఆ మూలను కప్పేసింది. వాడికి బటన్ కనపడనే లేదు. కాయలు వచ్చి పడుతున్నాయి, లారీ నిండిపోతోంది, వాడు తెరంతా నొక్కుతున్నాడు. చెప్పకుండా పళ్ళు బిగబట్టి కూర్చున్నా. మూడు నిమిషాలకు 'బాగుంది అత్తా' అని ఫోన్ నా చేతిలో పెట్టి ఆడుకోవడానికి పోయినాడు. విడుదల ఆపి రెండు నెలలు తెర మొత్తం మళ్ళీ అమర్చినా. మొదటి నెలలోనే వాడి చేతికి ఇచ్చుంటే ఒక్క సాయంత్రం పని అది.

అందుకని నీ బైరాగి నడక మొదలైన రోజే ఎవరికైనా ఇవ్వు. పక్కన కూర్చో. నోరు విప్పొద్దు, వాళ్ళ వేళ్ళనే చూడు. ఇంకో మాట, కోడు రోజూ గిట్‌లో దాచు, చేసిన ప్రతి మార్పునూ భద్రంగా ఉంచే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. ఒక రాత్రి కరెంటు పోయి నాకు మూడు వారాల పని పోయింది.

కొర్లగుంట లెక్కలు:

ఆడిటర్ దగ్గర పనిచేస్తున్నా, డబ్బు సంగతి నేను చెప్తా.

కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్‌లో ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు కట్టాలి. అమ్మకాలు 1000 డాలర్లు దాటితే అది తిరిగి వస్తుంది. కట్టినాక విడుదలకు 30 రోజులు ఆగాలి. స్టోర్ పేజీ కనీసం రెండు వారాలు ముందే కనపడాలి, నా సలహా అయితే నెలల ముందే పెట్టు. అమ్మకంలో 30 శాతం వాళ్ళది. ట్యాక్స్ కోసం డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా ఫారం నింపేటప్పుడు పాన్ నంబరు ఇచ్చి భారత్-అమెరికా ఒప్పందం ఎంచుకుంటే, అమెరికాలో అమ్మినదాని మీద 30 శాతానికి బదులు 15 శాతమే కోస్తారు. ఆ కోతను ఇక్కడ రిటర్న్‌లో చూపించుకోవచ్చు.

మనవాళ్ళకు చిక్కు వచ్చేది పేరుతో. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరమే ఉంటుంది. 100 డాలర్లు కట్టే ముందే రెండూ ఒకటి చేయించుకో.

ఫోన్ గేమ్ అయితే ప్లే స్టోర్‌లో 25 డాలర్లు ఒక్కసారి కడితే చాలు. కొత్త వ్యక్తిగత ఖాతాకు మాత్రం 12 మంది టెస్టర్లు 14 రోజులు వరసగా ఉండాలి. నీ షిఫ్టులో వాళ్ళనే అడుగు.

మీ అమ్మగారికి ఇట్లా చెప్పు. పందెం ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలకే ఆ నిషేధం. నీది ఒకసారి కొనుక్కొని ఆడుకునే కథ.

మొక్కు వేషం:

నాకు కంప్యూటర్లు తెలియవు, మా అబ్బాయి ఇది చదివి వినిపించినాడు. మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా వేషాలు కడుతున్నాం. నాయనా, చెయ్, సంతోషం. ఒక్కటే కోరిక. మా అబ్బాయి ఆడే గేముల్లో మనిషికి తల మీద ఎర్రగీత ఉంటుంది, దెబ్బ తగిలితే తగ్గుతుంది, అయిపోతే చచ్చిపోతాడు. అమ్మకు అట్లా పెట్టొద్దు. అమ్మ ఓడిపోదు. నాలుగో రోజు దొర వేషంలో పోతే పాలెగాడు బయటికి వచ్చినాడు, అప్పుడే వాడి పని అయింది. మరుసటి రోజు మాతంగి వేషంలో పోయి వాడి పెళ్ళాన్ని ఓదార్చింది. ఆ ఓదార్పు కూడా పెట్టు, చాలామంది అది మర్చిపోతారు.

చాటింపు వేసినాక జాతర అయ్యేదాకా ఊరి పొలిమేర దాటకూడదని మా పెద్దోళ్ళ మాట. అది కూడా నీకు పనికొస్తుందేమో చూసుకో.

తాతయ్యగుంట కుర్రోడు:

అక్కా, అన్నా, పెద్దాయనా, అందరికీ దండాలు. వారం తర్వాత రాస్తున్నా. గోపురం ఫైలు ఒక ఫోల్డర్‌లో పెట్టేసి గొడో దించుకున్నా.

పెద్దాయన మాటతో గేమ్ మొత్తం మారిపోయింది. అమ్మకు చావు లేదు. పాలెగాడు దొరక్కపోతే పొద్దు గూకుతుంది, అంతే. మరుసటి రోజు అదే ఊరు, కొత్త వేషం. మొదటి మూడు వేషాల్లో వాడు దొరకడు, ఎక్కడెక్కడ దాక్కుంటాడో తెలుస్తుంది. ఆ గుర్తులన్నీ కలిపితేనే దొర వేషంలో వాడిని బయటికి రప్పించగలం. మ్యాపు అంచున గోడలు ఎట్లా కట్టాలా అని ఆరు నెలలు తల పట్టుకున్నా కదా, ఇప్పుడు గోడలే లేవు. పొలిమేర రాయి దగ్గరికి పోతే చాటింపు డప్పు వినిపిస్తుంది, అమ్మ వెనక్కి తిరుగుతుంది.

నిన్న రాత్రి షిఫ్టు నుంచి వచ్చి మట్టిరంగు వీధిలో తెల్లటి బొమ్మను నడిపించినా. తల ఒక గుండ్రం, ఒళ్ళు ఒక నిలువు దీర్ఘచతురస్రం. మా అమ్మ నీళ్ళ చెంబు పెట్టడానికి వచ్చి ఆగింది. అక్క చెప్పినట్టు నోరు విప్పకుండా లాప్‌టాప్ ఆమె వైపు తిప్పినా. కుడి బాణం ఒక్కసారి నొక్కింది. బొమ్మ కదిలింది. ఇంకోసారి నొక్కింది. వీధి చివరి దాకా నడిపించి, తెరకు ముఖం దగ్గరగా పెట్టి అడిగింది:

"బైరాగి వేషం కదా ఇది? చేతిలో వేపమండ ఏదిరా?"