బకెట్ అతికింది, కుక్కర్ పిడి ఎందుకు అతకలేదు?

ప్రశ్న: పగిలిన బకెట్‌పై కాల్చిన పాత కత్తితో రుద్దితే కరిగి అతుక్కుంది. అదే ధైర్యంతో విరిగిన కుక్కర్ పిడి మీదా ప్రయత్నించా. కరగలేదు సరికదా, మాడి ఇల్లంతా కంపు. అమ్మ తిట్లు అదనం. రెండూ ప్లాస్టిక్కే కదండీ?

జవాబు: బకెట్‌లో పొడవాటి అణువుల గొలుసులు విడివిడిగా ఉంటాయి. వేడికి జారతాయి, చల్లారితే గట్టిపడతాయి. పిడి బేకలైట్ అయ్యుంటుంది. 1907లో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రవేత్త ఫినాల్, ఫార్మాల్డిహైడ్ అనే రసాయనాలు కలిపి చేసిన ప్లాస్టిక్ రకం. ఇందులో గొలుసులు ఒకదానికొకటి ముడిపడిపోతాయి, అందుకే వేడికి జారవు, మాడతాయి. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిదవుతుందా?

ఇంకో జవాబు: మా ఫైబర్ పడవా అంతే తమ్ముడూ. గాజుపీచు చాప పరిచి, గట్టిపడే మందు కలిపిన రెసిన్ అనే చిక్కటి జిగురు పూస్తాం. గట్టిపడ్డాక అదీ మళ్లీ కరగదు. చిల్లుపడితే చుట్టూ గరుకుగా గీకి, మళ్లీ చాప వేసి పూయడమే.

ప్రశ్న: పిడికీ అలా చేయొచ్చా అన్నా?

జవాబు: వద్దు. పొయ్యి మీద ప్రెషర్‌తో ఆటలా? కొత్తది కొను.