ఇనుప మూకుడు చెవులు చేయి కాలకుండా పట్టుకోవడం ఎలా?

ప్రశ్న:
మా ఇంట్లో వేపుళ్లన్నీ పోత ఇనుప మూకుడులోనే చేస్తాం. దాని రెండు చెవులూ మూకుడుతో కలిపి పోసినవే కావడం వల్ల, కూర వేగేసరికి అవి కూడా ముట్టుకోలేనంతగా కాలిపోతాయి. మసిగుడ్డను తడిపి పట్టుకుంటే చేతికి వేడి తగలదని అమ్మ నమ్మకం, కానీ ఆమె వేళ్ల కొసలు తరచూ కమిలి ఉంటున్నాయి. కీళ్ల నొప్పుల వల్ల పట్టకారును గట్టిగా నొక్కి పట్టలేదు. ఆమెకు నిజంగా పనికొచ్చే ఉపాయం తెలిసినవారు దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం:
ముందుగా ఆ తడిగుడ్డను మాన్పించండి. పొడి నూలు గుడ్డ చేతిని కాపాడేది దాని పోగుల మధ్య నిలిచి ఉండే గాలి వల్ల. గుడ్డ తడిస్తే ఆ గాలి ఉండాల్సిన చోట నీరు చేరుతుంది. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేస్తుంది. పట్టుకున్న తొలి క్షణంలో చల్లగా అనిపించినా, మూకుడును పొయ్యి మీద నుంచి గట్టు మీదికి చేర్చేలోపే ఆ నీరు ఆవిరై చర్మాన్ని కాలుస్తుంది. అందుకే గిన్నెలు తుడిచే గుడ్డ వేరు, గిన్నెలు దించే గుడ్డ వేరు అన్న నియమం వంటింట్లో తప్పక ఉండాలి.

మంట విషయం కూడా చూడండి. మూకుడు అడుగును దాటి మంట పక్కలకు ఎగబాకితే చెవులు నేరుగా కాలతాయి. చిన్న బర్నరు మీద, మంట అడుగు దాటకుండా ఉంచితే వాటి వేడి బాగా తగ్గుతుంది.

రెండో సమాధానం:
పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మీ అమ్మగారికి నేను సూచించేది ఇంట్లో కుట్టుకోగల అరచేతి గుడ్డలు. పాత నూలు చీరను ఏడెనిమిది మడతలు వేసి, అరచేతికంటే కాస్త పెద్ద చతురస్రంగా కత్తిరించి, బొంత కుట్టినట్టు అడ్డంగా నిలువుగా కుట్టండి. మడతలు జారవు, వేళ్లు సులువుగా వంగుతాయి, రెండు చేతులకూ చెరొకటి ఉంటుంది కాబట్టి బరువు సమానంగా పడుతుంది. పాలియెస్టర్ కలిసిన గుడ్డను మాత్రం వాడవద్దు. అధిక వేడికి అది కరిగి చర్మానికి అంటుకుపోతుంది. గుడ్డ అంచులు వేలాడకూడదు కూడా, ఎందుకంటే పెద్ద తువ్వాలుతో ఒక చెవిని పట్టుకున్నప్పుడు దాని రెండో కొస మంటలో పడడం ఎవరూ గమనించరు.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది. చేతికి గుడ్డ అందనప్పుడు చీర కొంగుతోనో చున్నీతోనో గిన్నె దించడం మన ఇళ్లలో చాలామందికి అలవాటు. చేయి కాలితే బొబ్బతో పోవచ్చు, కొంగు అంటుకుంటే ప్రాణానికే ముప్పు. కుట్టిన గుడ్డలను పొయ్యి పక్కనే, మంటకు దూరంగా, చేతికందే ఎత్తులో మేకుకు తగిలించి ఉంచండి.

మూడో సమాధానం:
పట్టకారు అంచు ఉన్న పలుచని గిన్నెలకు సరిపోతుంది, లావుపాటి ఇనుప చెవులకు కాదు. ఒక్క వైపే పట్టి ఎత్తడం వల్ల బరువైన పాత్ర పక్కకు తిరిగి, లోపలున్న వేడి నూనె ఒలికే ప్రమాదం ఉంది. కీళ్ల నొప్పులున్నవారు దాన్ని బరువైన పాత్రలకు అసలు వాడకపోవడమే మంచిది. సిలికాన్ తొడుగులు మంచివే, కానీ అవి దించేటప్పుడు తొడిగి వెంటనే తీయాల్సినవి. పొయ్యి మీద ఉన్నంతసేపూ చెవులకు వదిలేస్తే మంట తగిలి పాడవుతాయి. లోపల నూనె, తడి చేరితే జారతాయి కూడా.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రేపే పాత నేత చీరతో ఆ గుడ్డలు కుట్టి పెడతాను. ఒక్క సందేహం: నూనె నిండుగా ఉన్న మూకుడును కూడా ఆమె వీటితో దించవచ్చా?

మూడో సమాధానం ఇచ్చినవారు:
వద్దండీ. వేడి నూనెతో ఉన్న మూకుడును ఎవరూ కదపకూడదు. పొయ్యి ఆర్పి, నూనె పూర్తిగా చల్లారేదాకా అక్కడే ఉంచమనండి. వేపుడును మాత్రం గరిటెతో వేరే గిన్నెలోకి తీసుకుంటే, ఆ బరువైన మూకుడును ఆమె వేడి మీద ఎత్తాల్సిన అవసరమే రాదు.