అభిమాని అంటే ఎవరు?

నిన్న ఫ్లెక్సీల షాపులో ఒక కుర్రాడు తన ఫోటో కింద ఉన్న 'వీరాభిమాని' తీయించి 'జనసైనికుడు' అని వేయించుకున్నాడు. హీరో ఫోటో అదే, వీడు పెట్టే దండమూ అదే. ఎందుకురా అంటే, "అభిమాని టికెట్ కొనేవాడన్నా, మేమిప్పుడు టికెట్ అడిగేవాళ్లం" అన్నాడు. మా అమ్మమ్మేమో "అభిమానం ఉన్నవాడు పిలవని పేరంటానికి వెళ్తాడా?" అనేది. ఇదీ అదీ ఒకటే మాటా?

• ఒకటేనండీ. సంస్కృతంలో అభిమానమంటే గర్వం, 'నాది' అనుకోవడం. తెలుగులో రెండు కొమ్మలేసింది. మనవైపు తిరిగితే పౌరుషం: 'అభిమానం అడ్డొచ్చి అప్పు అడగలేదు'. ఎదుటివాళ్లవైపు తిరిగితే ప్రేమ. దుర్యోధనుణ్ణి అభిమానధనుడంటే ఫ్యాన్స్ ఎక్కువని కాదు కదా!

ఈ రెండు కొమ్మల్నీ ముడేసింది 1982. ఆ ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యను రాజీవ్ గాంధీ అందరి ముందూ మందలించారు. మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టి 'తెలుగువారి ఆత్మగౌరవం' అన్నారు. తెరమీది రాముడి మీదున్న అభిమానాన్ని జనం తమ మీదికే తిప్పుకునేలా చేశారు. తొమ్మిది నెలల్లో అధికారం. 'ఆత్మాభిమానం' అనకపోవడానికి కారణం, అభిమానం అప్పటికే సినిమా హాలు మాట అయిపోవడమేనని నా ఊహ.

• ఊహ బాగుంది గానీ మాష్టారూ, తమిళనాట పెరియార్ 'సుయమరియాదై' (అంటే ఆత్మగౌరవ) ఉద్యమం 1925 నాటిది. ఆత్మగౌరవం అనే మాట రాజకీయాల్లోకి సినిమావాళ్లతో కొత్తగా రాలేదు. ఇంకో తమాషా: తమిళంలో ఫ్యాన్‌ని 'రసికర్' అంటారు, అంటే రసికుడు. ఆస్వాదించి ఇంటికి పోవాల్సినవాడు! అయినా 1972లో ఎంజీఆర్ డీఎంకే నుంచి బయటికొచ్చి సొంత పార్టీ పెడితే, ఆ రసికర్ మన్రాలే, అంటే అభిమాన సంఘాలే, పార్టీకి కాళ్లూ చేతులూ అయ్యాయి. కన్నడంలో మనలాగే 'అభిమాని'. అక్కడి హీరో రాజ్‌కుమార్ తన ఫ్యాన్స్‌ని 'అభిమాని దేవరు' (అభిమాని దేవుళ్లు) అనేవారు. కన్నడ భాష కోసం సాగిన గోకాక్ ఉద్యమంలో ముందు నడిచారు కానీ ఎన్నికల జోలికి మాత్రం పోలేదు. కాబట్టి అంతా మాటలోనే ఉందనకండి.

• రెండర్థాలూ ఒకేసారి తగిలిన సందర్భం నాకు తెలుసు. 2008లో తిరుపతిలో ప్రజారాజ్యం పెట్టినప్పుడు మా బాబాయి లారీ ఎక్కి వెళ్లాడు. 2009లో వచ్చినవి 18 సీట్లు, 2011లో పార్టీ కాంగ్రెస్‌లో కలిసింది. "చిరంజీవి మీద అభిమానం పోలేదురా, నాకే అభిమానమేసింది" అన్నాడు. ఆ తర్వాత చాన్నాళ్లు టీకొట్టు వైపు వెళ్లలేదు.